దేహతత్త్వమును చూచి చక్కెర వ్యాధిని కనుగొనవచ్చునా?

భద్రాచలము, దుమ్ముగూడెము, చర్ల, పాల్వంచ, ఇల్లెందు ప్రాంతముల అడవి అంచు పల్లెలలో చక్కెర వ్యాధి మాట వచ్చినపుడెల్ల వినవచ్చు అభిప్రాయ మొకటి కలదు. "అది లావుపాటి వాండ్లకు, కూర్చుండి తినువారికి వచ్చు జబ్బు. కట్టెపుల్లల వలె నున్న మనకు షుగ రెక్కడిది?" అని పెద్దలే యందురు. పంచాయతీ సభ్యులలోను ఈ నమ్మకము గలవారు లేకపోలేదు. ఆరోగ్య కార్యకర్త రక్తపరీక్షకు వచ్చిన దినమున పొట్ట గలవారిని ముందుకు నెట్టి, బక్కపలుచనివారు తమ పనికి తాము పోవుదురు. ఈ నమ్మకములో సత్యమెంత, ప్రమాదమెంత యనునది ఈ పాఠములో విచారింతము.

ఈ నమ్మకము ఊరక పుట్టినది కాదు. మనుష్యులందరి దేహములు ఒక్క తీరున నుండవనియు, ఏ దేహమునకు ఏ రోగము సులువుగా వచ్చునో ముందుగనే చెప్పవచ్చుననియు మన ప్రాచీన వైద్యులు తలచిరి. వాతము, పిత్తము, కఫము అను మూడింటిలో పుట్టుకతో ఏది మిక్కుటముగా నున్నదో దానిని బట్టి మనిషి ప్రకృతిని నిర్ణయించిరి. పొడిబారిన సన్నని దేహము, చురుకైన నడక, కొద్దిపాటి నిద్ర వాత ప్రకృతికి గురుతులు. వేడి ఒళ్లు, మిక్కిలి ఆకలి, ముక్కుమీది కోపము, త్వరగా నెరయు జుట్టు పిత్త ప్రకృతివి. బలిసిన అవయవములు, నెమ్మది, గాఢనిద్ర కఫ ప్రకృతివి. "నాది వేడి ఒళ్లు, నాకు ఇది పడదు" అని నేటికిని మన పల్లెలలో చెప్పుకొనుట ఈ శాస్త్రము మిగిల్చిన మాటయే.

ఇట్టి విద్య మన దేశమునకే పరిమితము కాదు. తూర్పున కొరియా దేశములో లీ జే-మా అను వైద్యుడు 1894లో ఒక గ్రంథమును వ్రాసి, మనుష్యులను నాలుగు దేహతత్త్వములుగా విభజించెను. అంత దూరదేశపు మాట మనకేల యని పాఠకులు అనుకొనవచ్చును. దేహతత్త్వమునకును చక్కెర వ్యాధికిని గల సంబంధమును వేలమందిని కొలిచి చూచిన పని అక్కడ జరిగినది. మన ప్రశ్నకు జవాబు వెదకుటకు ఆ కొలతలు పనికివచ్చును.

లీ జే-మా చెప్పిన నాలుగు తత్త్వములకు తేయాంగ్, తేయూమ్, సోయాంగ్, సోయూమ్ అని పేర్లు. మన వైద్యులు దోషములను బట్టి విభజింపగా, ఆయన శరీరములోని అవయవముల బలాబలములను బట్టి విభజించెను. ఒకని కాలేయము బలమైనది, ఊపిరితిత్తులు బలహీనమైనవి. వేరొకని ప్లీహము బలమైనది, మూత్రపిండములు బలహీనమైనవి. ఇట్లు సాగును ఆయన వివరణ. ఈ అవయవముల మాటను నేటి శరీరశాస్త్రపు అర్థములో తీసికొనరాదు. పదివేల మందిలో సగము మంది తేయూమ్ తత్త్వము వారుందురనియు, తేయాంగ్ వారు పదిమందికి మించి యుండరనియు ఆయన అంచనా వేసెను. తేయూమ్ తత్త్వము గలవాడు విశాలమైన నడుము, దృఢమైన దేహము, మంచి ఆకలి కలిగి, సులువుగా చెమట పట్టువాడు. మన కఫ ప్రకృతివానికి దగ్గరి చుట్టమని చెప్పవచ్చును.

కొరియాలో ఈ వైద్యమునకు ప్రభుత్వ గుర్తింపు కలదు. 1994లో స్థాపింపబడిన అచ్చటి ప్రాచ్యవైద్య పరిశోధన సంస్థవారు ముఖము, కంఠస్వరము, శరీరపు చుట్టుకొలతలు, ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు కలిపి మనిషి తత్త్వమును నిర్ణయించు సాధనమును తయారుచేసిరి. వైద్యుని ఊహకు బదులు కొలత వచ్చినది. ఆ తరువాత జరిగిన పరిశోధనలలో, ఒక్కదానిలో గాక పెక్కింటిలో, తేయూమ్ తత్త్వము వారికి మిగిలినవారి కంటె చక్కెర వ్యాధి ఎక్కువగా నున్నట్లు తేలినది. వారు సహజముగా బరువు గలవారు గదా, బరువే కారణము కావచ్చునని ఎవరైనను అడుగుదురు. బరువు లెక్కను తీసివేసి చూచినపుడు తేడా చాలవరకు తగ్గినది. కొన్ని పరిశోధనలలో మాత్రము కొంత మిగిలియే యున్నది.

కావున ప్రాచీనులు గమనించినది వట్టి భ్రమ కాదు. కాని ఈ ఫలితమును పంచాయతీ ఎట్లు వాడుకొనవలెననునది వేరు ప్రశ్న. ఒక లెక్క వేసి చూతము. ఒక పల్లెలో నూరుగురు పెద్దవారు కలరనుకొందము. వారిలో ఏబదిమంది లావు తత్త్వము వారు, ఏబదిమంది కారు. లావువారిలో ఎనమండుగురికి, మిగిలినవారిలో నలుగురికి వ్యాధి యున్నదనుకొందము. లావువారికి ప్రమాదము రెట్టింపు. శాస్త్రము చెప్పినది నిజమే. అయినను లావువారిని మాత్రమే పరీక్షించిన పంచాయతీ పండ్రెండుగురు రోగులలో నలుగురిని చీకటిలో వదలివేయును. దేహమును చూచియే నీకు చక్కెర యున్నదని చెప్పినచో నలుబది ఇద్దరికి లేని రోగమును అంటగట్టినట్లగును. ప్రమాదము ఎక్కువ యనుట వేరు, వ్యాధి యున్నదనుట వేరు. ఈ రెండింటి నడుమ రక్తపరీక్ష నిలిచియున్నది.

మన దేశములోను ప్రకృతిని ఆధునిక పద్ధతిలో పరీక్షించిన వారున్నారు. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మరికొందరితో కలిసి 2015లో ప్రకటించిన పరిశోధనలో, 3416 మంది ఆరోగ్యవంతులైన పురుషులను చూచి, ఏదో ఒక ప్రకృతి స్పష్టముగా ప్రబలియున్న 262 మందిని ఎన్నుకొని వారి జన్యువులను పోల్చిరి. మూడు ప్రకృతుల వారికిని జన్యువులలో కొన్ని తేడాలు కనుపించినవి. ఇది ముచ్చటయైన విషయమే. అయితే ఆ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడుడు. పేరున్న వైద్యులు పరీక్షించినను స్పష్టమైన తత్త్వము గలవారు కొద్దిమందియే తేలిరి. అధికసంఖ్యాకులు మిశ్రమ ప్రకృతివారు. సంతలో నాడి పట్టి నిమిషములో "నీది ఫలానా తత్త్వము" అని చెప్పువాని మాటకు ఎంత విలువ ఈయవలెనో సభ్యులే నిర్ణయింపగలరు.

ఇక మన ప్రాచీన గ్రంథములు ఈ వ్యాధిని గురించి ఏమి చెప్పినవో చూతము. అచటనే మనకు మిక్కిలి ఉపయోగపడు మాట కలదు. చరక సంహితలో ప్రమేహములు ఇరువది రకములని లెక్కించిరి. కఫము వలన పదియు, పిత్తము వలన ఆరును, వాతము వలన నాలుగును. కదలక కూర్చుండుట, అతినిద్ర, పెరుగు, బెల్లపు వంటకములు, క్రొత్త ధాన్యము మొదలగువానిని కారణములుగా చెప్పిరి. కాని అదే గ్రంథము రోగులను స్థూలులు, కృశులు అని రెండుగా విభజించి, లావువానికి దేహమును తగ్గించు చికిత్సయు, బక్కవానికి బలము చేకూర్చు చికిత్సయు చేయవలెనని విధించినది. సుశ్రుతుడును పుట్టుకతో వచ్చునది, అపథ్యముచే వచ్చునది అని రెండు విధములు చెప్పి, మొదటి రకపు రోగి చిక్కినవాడు, ఆహారము తక్కువ గలవాడు, దప్పిక ఎక్కువ గలవాడు అని గురుతులు వ్రాసెను. అనగా బక్కవానికి ఈ జబ్బు రాదని మన శాస్త్రము ఎన్నడును చెప్పలేదు. ఆ మాట మన రచ్చబండ మీద పుట్టినది.

సుశ్రుత సంహితలోని మరియొక విషయమును మన ప్రాంతము వారు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. ఈ రోగము గల పేదవాడు చెప్పులును గొడుగును లేక, ఊరికొక రాత్రి మాత్రము నిలుచుచు, నూరు యోజనములు నడవవలెనని ఆయన విధించెను. ధనవంతుడైనచో అడవికి పోయి, శ్యామాకము, నీవారము వంటి ధాన్యములు, ఉసిరి, వెలగ, తునికి పండ్లు తినుచు లేళ్లతో కలిసి బ్రతుకవలెనట. భూమి దున్నుట, బావి త్రవ్వుట కూడ చికిత్సలలోనివే. శ్యామాకమనగా మన సామల జాతి ధాన్యము. నీవారమనగా అడవి వడ్లు, నివ్వరి. తునికి చెట్టు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. దాని ఆకు కోతయే మన పల్లెలకు వేసవి కూలి. ధనవంతునికి మందుగా విధించిన బ్రతుకు మన కోయలు, కొండరెడ్లు తరతరములుగా బ్రతికిన బ్రతుకే!

అట్టి అడవికి చక్కెర వ్యాధి ఎట్లు వచ్చినది? బ్రతుకు మారినది. 1945లో హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు గోదావరి కొండలలోని రెడ్లను గూర్చి వ్రాసిన గ్రంథములో, వారు జీలుగు కల్లుతోను, జీలుగు మానులోని పిండితోను దినములు గడపుట వర్ణించెను. పోడు భూములలో జొన్న, సామ, కొఱ్ఱ, కంది కలగలిపి పండించుట మన పెద్దలు ఎరిగినదే. జొన్న గటకయు అంబలియు అప్పటి తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. ఆకలి తీరినది, ఆ మేలును తక్కువ చేసి చెప్పువారితో మేము ఏకీభవింపము. కాని దానితో పాటు మూడు పూటలు తెల్లని అన్నమే యగుట కూడ మొదలయ్యెను. 2025 ఉగాది నాటి నుండి తెలంగాణములో తెల్లకార్డుల వారికి తలకు ఆరు కిలోల వంతున సన్నబియ్యము ఇచ్చుచున్నారు. పళ్లెము నిండ అన్నము, దానిపై రెండు చెంచాల పులుసు, పక్కన కూర లేదు, పప్పు లేదు: చక్కెర వ్యాధి వచ్చు త్రోవ ఇది. బియ్యము సన్నమా, దొడ్డా యనుటకంటె ఎంత పాలిష్ పట్టిరి, దానితో మరేమి తినిరి యనునది ముఖ్యము. దీనికి తోడు సంతకు నడచిపోవు మనిషి ఆటో ఎక్కెను. వడ్లు దంచు ఆడువారికి మర వచ్చినది. వారిని మరల రోకలి పట్టుమని చెప్పుట న్యాయము కాదు; అంతవరకు దేహమునకు దొరకిన శ్రమ పోయినదని మాత్రము గమనింపవలెను.

భారత వైద్య పరిశోధన మండలివారి దేశవ్యాప్త సర్వే 2023లో ప్రకటింపబడినది. పెద్దవారిలో నూటికి 11.4 మందికి చక్కెర వ్యాధి కలదని అందు తేలినది. పట్టణములలో 16.4, పల్లెలలో 8.9. "చూచితిరా, పల్లెలలో సగమే" అని సంతోషింపనక్కరలేదు. వ్యాధికి ముందు దశలో నున్నవారు, అనగా రక్తములో చక్కెర కొంత పెరిగి ఇంకను వ్యాధిగా ముదరనివారు, పట్టణములలో నూటికి 15.4, పల్లెలలో 15.2. ఈ లెక్కలో పల్లెకును పట్టణమునకును భేదము లేదు. వారిలో ఎందరో రాబోవు సంవత్సరములలో రోగులు కాగలవారు.

సన్నని దేహము లోపల ఏమి యున్నదో కంటికి కనబడదు. 2004లో పుణె నగరపు వైద్యుడు యాజ్ఞిక్, ఇంగ్లండు దేశపు వైద్యుడు యూడ్కిన్ తమ యిద్దరి ఛాయాచిత్రమును ఒక వైద్యపత్రికలో ప్రకటించిరి. ఎత్తునకు తగిన బరువు లెక్కలో ఇద్దరును సరిసమానులు. క్రొవ్వును కొలిచి చూడగా ఇంగ్లండు వైద్యునికి నూటికి 9 పాళ్లును, మన వైద్యునికి 21 పాళ్లును ఉన్నవి! మన దేశస్థులలో పెక్కురు పైకి సన్నముగా నుండి, కడుపులో, కాలేయము చుట్టును క్రొవ్వు దాచుకొన్నవారు. అందువలననే మనవారికి నడుము కొలత తీయుట ముఖ్యము. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించినచో జాగ్రత్తపడవలెను. దీనికి ఏ వైద్యుడును అక్కరలేదు. దర్జీవాని టేపు చాలును.

నడుము కూడ సన్నమైనవారి సంగతి ఏమి? చిన్ననాటి నుండి తిండి చాలక పెరిగినవారిలో కొందరికి ఇన్సులిను తగినంత ఊరక చక్కెర వ్యాధి వచ్చుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో ఈ రకమును వేరుగా గుర్తించి, 1999లో ఆధారములు చాలవని తొలగించెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు అమెరికా పరిశోధకులతో కలిసి చేసిన పరిశోధన 2022లో వెలువడినది. ఈ రోగుల దేహము పనిచేయు తీరు ఇతర రకముల వారికంటె వేరని అందు చూపిరి. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ నగరమున జరిగిన మహాసభలో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీనికి అయిదవ రకము అని పేరు పెట్టెను. చరకుడు చెప్పిన కృశుడైన ప్రమేహరోగి నేడు మరల వైద్యగ్రంథములలోనికి వచ్చుచున్నాడన్నమాట. అర్ధాకలితో పెరిగినవారు మన అడవి పల్లెలలో ఎక్కువ. కావున బక్కవారిని వదలి పరీక్షించుట మరెచటనైన పొరపాటు కావచ్చును గాని, ఇచట అది అన్యాయము.

బక్కవానిలో ఈ వ్యాధి ఎట్లు దాగునో సభ్యులు తెలిసియుండవలెను. మనిషి చిక్కిపోవుచున్నాడు, నీరసము, రాత్రులందు పలుమారు మూత్రమునకు లేచుచున్నాడు. ఇంటివారు గాలి సోకినదని విభూతి పెట్టింతురు. లేనిచో క్షయ యని అనుమానింతురు. క్షయ కావచ్చును కూడ. చక్కెర వ్యాధి గలవానికి క్షయ సోకు ప్రమాదము రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుచేత దగ్గు గలవానికి కఫముతో పాటు రక్తములో చక్కెరయు, చక్కెర గలవానికి దగ్గు సంగతియు విచారింపవలెను. ఒకటి దొరకినదని రెండవదానిని మానుకొనరాదు.

పరీక్షలలో ఏది నమ్మవలెననునది మరియొక ముఖ్య విషయము. వేలికొన నుండి చుక్క రక్తము తీసి యంత్రముతో చూచునది అనుమానితులను ఏరుటకు మాత్రమే. నిర్ధారణకు పరగడుపున రక్తనాళము నుండి తీసిన రక్తములో డెసిలీటరునకు 126 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని యుండవలెను; లేక 75 గ్రాముల గ్లూకోజు త్రాగిన రెండు గంటలకు 200 గాని, అంతకు మించి గాని యుండవలెను. బాధ లేమియు లేనివానికి మరియొక దినమున కూడ పరీక్ష చేసి ధ్రువపరచుకొందురు. మూడు నెలల సగటు చెప్పు పరీక్ష యొకటి కలదు. పట్టణములలో దానికి పేరెక్కువ. ఆ పరీక్ష ఎర్రరక్తకణమునకు పట్టిన చక్కెరను కొలుచును. ఆరోగ్యవంతుని కణము ఇంచుమించు 120 దినములు బ్రతుకును. కొడవలికణ వ్యాధి గలవాని కణములు అన్ని దినములు బ్రతుకవు. కావున చక్కెర ఎక్కువగా నున్నను ఆ పరీక్ష తక్కువ చూపవచ్చును. కోయ కుటుంబములలో కొడవలికణ వ్యాధి కలదు. 2023 జులై 1న ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద గిరిజన ప్రాంతములలో దానికి పరీక్షలు జరుగుచున్నవి, కార్డులు ఇచ్చుచున్నారు. ఆ కార్డు గలవారు చక్కెర పరీక్షకు పోవునపుడు దానిని వైద్యునికి చూపవలెను. ఈ ఒక్క మాటను ఊరిలో చాటింపు వేయించినను మేలే.

ఇక ఆకుల మందుల సంగతి. మన అడవిలో పొడపత్రి కలదు. దాని ఆకు నమిలి బెల్లపు ముక్క నోట వేసికొన్నచో తీపి తెలియదు. పశువులు కాచు పిల్లలకు ఇది వినోదము. నేరేడు గింజల పొడి, తిప్పతీగ రసము వాడువారు కలరు. వేగిస చెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీరు పోసి ఉదయమున త్రాగుట కూడ కలదు. వీనిని మూఢాచారమని కొట్టివేయుట మా ఉద్దేశము కాదు. వేగిసపై భారత వైద్య పరిశోధన మండలియే పరీక్ష జరిపి 1998లో ఫలితములు ప్రకటించెను. క్రొత్తగా వ్యాధి కనుపించిన 97 మందిలో 67 మందికి పండ్రెండు వారములలో చక్కెర అదుపునకు వచ్చెను. అయితే ఆ మందును కొలతతో ఇచ్చిరి, రక్తమును మరల మరల పరీక్షించిరి. మందు తీసికొనని వారితో పోల్చి చూచిన పరీక్షయు కాదు. కొలత లేక, పరీక్ష లేక త్రాగు గ్లాసెడు నీటికి ఆ ఫలితమును ఆపాదింపరాదు.

మాకు భయము కలిగించునది ఆకు కాదు, "నీ తత్త్వమునకు ఇంగ్లీషు మందు పడదు, మానివేయుము" అను మాట. ఇన్సులిను మీద బ్రతుకు బాలుడు దానిని మానినచో కొద్ది దినములలోనే ప్రాణము మీదికి వచ్చును. సంతలలో అమ్ము కొన్ని చూర్ణములలో రహస్యముగా ఇంగ్లీషు మందులే కలిపినట్లు పరీక్షలలో బయటపడిన సందర్భములును కలవు. ఊరి వైద్యుని మందు పుచ్చుకొనుచున్నవాడు ఆ సంగతిని దాచక ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునితో చెప్పవలెను. చెప్పినందుకు రోగిని కసరుకొను వైద్యుడుండరాదు. నమ్మకము గల వడ్డె, నాటువైద్యుడు ఊరిలో నున్నచో పంచాయతీ వారితో విరోధము పెట్టుకొనుట తెలివి కాదు. "నీ దగ్గరకు వచ్చు ప్రతివానిని ముందు రక్తపరీక్షకు పంపుము, ఆ తరువాత నీ వైద్యము నీవు చేయుము" అని ఒప్పించుట మేలు.

మాత్రలు వేసికొనువారి విషయములో ఒక గండము కలదు. వేసవిలో తునికాకు కోతకు తెల్లవారక మునుపే బయలుదేరుదురు. గ్లిమిపిరైడు వంటి మాత్ర వేసికొని, ఏమియు తినక, మిట్ట మధ్యాహ్నము వరకు ఏబది ఆకుల కట్టలు కట్టుచు తిరిగినచో చక్కెర ఒక్కసారిగా పడిపోవును. చెమట, వణుకు, కండ్లు తిరుగుట, మాట తడబడుట, పిచ్చిచూపు దాని గురుతులు. చూచినవారు "తాగి పడినాడు, తెలివి వచ్చును లెండి" అని వదలివేయుదురు. ఇప్పసారా నిజముగా త్రాగియున్నచో ప్రమాదము రెట్టింపు. ఏలయన కాలేయము తన నిలువలోని చక్కెరను విడుదల చేయకుండ సారా అడ్డుపడును. తెలివి యున్నవానికి మూడు చెంచాల చక్కెరయో, గుప్పెడు బెల్లమో నీటిలో కలిపి వెంటనే త్రాగింపవలెను. పావుగంటలో తేరుకొననిచో మరల ఈయవలెను. తెలివి తప్పినవాని నోట ఏమియు పోయరాదు, 108 వాహనమును పిలువవలెను. కల్లము వద్ద కూలి లెక్క వ్రాయు గుమాస్తా పెట్టెలో బెల్లపు ముక్క యొకటి ఉంచుట కష్టము కాదు. కోతకు పోవు రోగి ఏ మాత్ర ఎప్పుడు వేసికొనవలెనో ముందుగనే వైద్యుని అడిగి తెలిసికొనవలెను. తనంత తాను మానరాదు.

సుశ్రుతుని చికిత్సలో ఒక్క చెప్పుల మాట మాత్రము మార్చుకొనవలెను. చక్కెర వ్యాధి ముదిరినవానికి పాదములలో స్పర్శ నశించును. పోడు చేనిలో మోడు గ్రుచ్చుకొన్నను తెలియదు. పుండు పడి, కుళ్లి, కాలు తీయవలసిన స్థితి వచ్చువరకు బయటపడదు. చెప్పులు లేక అడుగు వేయరాదు; ప్రతి రాత్రియు దీపము వద్ద అరికాళ్లు చూచుకొనవలెను, కంటిచూపు తగ్గినవారికి ఇంటిలోని పిల్లలు చూడవలెను. శ్రీరామనవమి నాడు భద్రాద్రిలో పానకము వద్దనలేము గదా యని కొందరడుగుదురు. తీర్థము వలె ఉద్ధరిణెడు పుచ్చుకొన్నవానికి ఏమియు కాదు. చెంబుతో త్రాగుట వేరు సంగతి.

ఇన్సులిను తీసికొనువారి ఇంట శీతల యంత్రము లేదని వైద్యమే మానుకొన్నవారు కలరు. ఒక పెద్ద మట్టికుండలో చిన్న కుండ నుంచి, రెంటి నడుమ తడి ఇసుక నింపి, నీడలో గాలి తగులుచోట పెట్టి, చిన్న కుండలో మందు సీసా నుంచినచో ఎండకాలమునను చెడిపోకుండ కాపాడవచ్చును. ఇసుక ఆరకుండ నీరు చల్లుచుండవలెను.

పంచాయతీల చేతిలో నున్న సాధనము గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము. దీనికి పంచాయతీ సభ్యులలో ఒకరు, వీలైనచో మహిళ, అధ్యక్షత వహింతురు. ఆశ కార్యకర్త కార్యదర్శిగా నుండును. సంవత్సరమునకు 10,000 రూపాయల వరకు ముడిపెట్టని నిధి యిచ్చుటకు నిబంధనలలో వీలు కలదు. ప్రభుత్వ కార్యక్రమము ప్రకారము 30 సంవత్సరములు నిండిన ప్రతివారిని చక్కెరకు, రక్తపోటుకు పరీక్షింపవలెను. ఇందు లావు, బక్క అను భేదము లేదు. ఇంటింటికి వచ్చి ఆశ కార్యకర్త నింపు పత్రములో వయస్సు, నడుము కొలత, శ్రమ, తల్లిదండ్రుల వ్యాధి, పొగాకు, మద్యము అన్నియు వ్రాసికొందురు. సంఘమువారు అడుగవలసినది ఒక్కటే: ఓటర్ల జాబితాలో 30 నిండినవారెందరు, పరీక్ష జరిగినవారెందరు, మిగిలినవారి పేర్లేవి? పరీక్షలో తేలినవారిలో ఈ నెల మాత్రలు అందనివారెవరు? 2014లో ఆంధ్రప్రదేశములో చేరిన చింతూరు, కూనవరము మండలముల వారు కొందరు బంధుత్వము చేత, వైద్యము చేత భద్రాచలమునకే వచ్చుచుందురు. ఇరువైపుల వారి కార్డులు ఎవరి పుస్తకములోను లేకుండ పోవు ప్రమాదము కలదు. సరిహద్దు పంచాయతీలు ఈ పేర్లను విడిగా వ్రాసికొనవలెను.

పరీక్షకు దినము నిర్ణయించుటలో కూడ పంచాయతీ మాట చెల్లవలెను. పదిగంటలకు కార్యకర్త వచ్చునప్పటికి పల్లెలో ముసలివారు, పసివారు మాత్రమే యుందురు. పనికి పోయిన బక్కవాడు ఏ జాబితాకును చిక్కడు. తునికాకు కోత మొదలగుటకు ముందు మార్చి నెలలో ఒకసారి, పంటలు ఇంటికి వచ్చిన తరువాత మరియొకసారి, సూర్యోదయ వేళకే రచ్చబండ వద్ద పరీక్ష పెట్టవలసినదిగా ఉపకేంద్రము వారిని కోరవలెను. ముందు రాత్రి భోజనమైన తరువాత నీరు తప్ప ఏమియు పుచ్చుకొనరాదని, టీ కూడ పనికిరాదని దండోరా వేయింపవలెను. పరీక్ష ముగిసినవారికి అచ్చటనే గ్లాసెడు జొన్న అంబలి పోయించినచో పనికి పోవు కూలివారు వేచియుండుటకు వెనుకాడరు.